వెళ్లి గెలిచినామె, నిలిచి గెలిచినామె

ఒకామెది ఏడెకరాలు, ఇంకొకామెది నాలుగెకరాలు. మొదటిది న్యూయార్క్ రాష్ట్రంలోని ఆబర్న్ ఊరి శివారున 1859లో హారియెట్ టబ్‌మన్ కొన్న స్థలం. రెండోది అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు దున్నిన పొలం. ఇద్దరికీ చదువు రాదు. ఇంకొకరి ఇంట్లో చాకిరీ చేయడానికే వీళ్లు పుట్టారని లోకం ముందే తీర్పు చెప్పేసింది. ఇద్దరి ఇళ్లూ ఒకసారి నాశనమయ్యాయి. ఇన్ని పోలికలు కనిపించగానే ఐలమ్మను తెలంగాణ టబ్‌మన్ అనెయ్యాలనిపిస్తుంది. అలాంటి బిరుదు ఇద్దరికీ అన్యాయమే చేస్తుంది. ఎవరు గొప్ప అన్న లెక్క పక్కన పెట్టి, వాళ్ల ఇళ్లు ఎక్కడ లేచాయి, ఎందుకు కూలాయి, మళ్లీ ఎవరు నిలబెట్టారు, ఇవాళ ఎవరు కాస్తున్నారు అని అడిగితేనే ఇద్దరి పోరాటాల్లోని తేడా తెలుస్తుంది. ఆలేరు ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ తేడా తెలియడం మరీ అవసరం అని నా నమ్మకం.

టబ్‌మన్ 1822 ప్రాంతంలో మేరీలాండ్ రాష్ట్రంలో పుట్టింది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అరమింటా. పసితనంలోనే ఆమెను వేరే ఇళ్లకు కూలికి పంపేవాళ్లు, కూలి డబ్బు మాత్రం యజమానికి పోయేది. ముగ్గురు అక్కలను దక్షిణాదికి అమ్మేశారు. పారిపోతున్న ఒక బానిస మీదికి ఎవరో విసిరిన ఇనుప తూనికరాయి ఆ పిల్ల తలకు తగిలింది. మాట్లాడుతూ మాట్లాడుతూనే మగతలోకి జారిపోయే జబ్బు అప్పటి నుంచి చివరిదాకా ఆమెను వదల్లేదు. ఆ జబ్బుతోనే 1849లో ఒంటరిగా పారిపోయి ఫిలడెల్ఫియా చేరింది. తను బయటపడితే చాలనుకోలేదు. పదేళ్లలో దాదాపు 13 సార్లు వెనక్కి వెళ్లి సుమారు 70 మందిని చీకట్లో, చలిలో, అడవుల్లోంచి నడిపించి తెచ్చింది. పారిపోయిన బానిసలు ఏ రాష్ట్రంలో దొరికినా పట్టి అప్పగించాలని 1850లో చట్టం వచ్చాక ఫిలడెల్ఫియా కూడా భద్రం కాదని తేలింది. వాళ్లను సరిహద్దు దాటించి కెనడాలోని సెయింట్ కాథరిన్స్ దాకా తీసుకెళ్లింది. ముసలి తల్లిదండ్రులనూ అక్కడికే చేర్చింది. కెనడా చలి వాళ్లు తట్టుకోలేకపోయారు.

ఆబర్న్ ఇంటి కథ మొదలయ్యేది ఆ చలితోనే. అమ్మానాన్నలు వెచ్చగా తలదాచుకోవడానికి ఒక చోటు కావాలి. అప్పటికి సెనేటర్‌గా ఉన్న విలియం సీవార్డ్ ఆబర్న్ వాడు. ఆ తర్వాత లింకన్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆయన తన స్థలాన్ని 1200 డాలర్లకు, వాయిదాల మీద ఆమెకు అమ్మాడు. నల్లవాళ్లు అమెరికా పౌరులే కారని ఆ దేశపు సుప్రీంకోర్టు డ్రెడ్ స్కాట్ కేసులో తీర్పు చెప్పి అప్పటికి రెండేళ్లే అయింది. చట్టం దృష్టిలో ఆమె అప్పటికీ పారిపోయిన సొత్తే, పట్టుకుంటే యజమానికి తిరిగి ఇవ్వాల్సిన సొత్తే. అలాంటి మనిషి పేరు మీద స్థలం, ఇల్లు రాసిచ్చారు. కాగితం మీద ఒక సొత్తు ఇంకో సొత్తుకు యజమాని కావడమంటే ఆ దేశపు చట్టాన్ని దాని ఇంట్లోనే కాదనడం. సీవార్డ్‌కు అక్కడ తెగువ ఉంది. అయితే అది అప్పే గానీ దానం కాదు, ఆ అప్పు ఆమెను ఏళ్ల తరబడి వెంటాడింది.

ఇప్పుడు పాలకుర్తి. ఐలమ్మది చాకలి కుటుంబం. దొరల ఇంటి బట్టలు ఉతకాలి, గిన్నెలు తోమాలి, పండుగ వచ్చినా పెళ్లి వచ్చినా కబురు రాగానే పరుగెత్తాలి. కూలి అడిగే హక్కు లేదు. ఇది ఒక్క చాకలివాళ్ల బాధ కాదు. కుమ్మరి, మంగలి, గొల్ల, మాదిగ, ప్రతి కులానికీ దాని వెట్టి దానికి ఉండేది. వెట్టిని అమెరికా బానిసత్వంతో అచ్చంగా ఒకటి చేయడం సరికాదు. ఇక్కడ మనిషిని సంతలో వేలం వేయలేదు, అమ్మకపు పత్రం రాయలేదు. కానీ దొరసాని కూతురికి పెళ్లయితే ఆమెతో పాటు అత్తగారింటికి ఆడబాపలను, అంటే దాసీ పిల్లలను, పంపేవాళ్లు. అక్కడ ఆ పిల్ల ఎన్నాళ్లుండాలో, ఎవరికి లొంగి ఉండాలో ఎవరూ అడగలేదు. ఈ ఒక్క ఆచారం చాలు, గడి లోపలి తెలంగాణకూ మేరీలాండ్ పొలాలకూ మధ్య ఎంత కొద్ది దూరం ఉందో చెప్పడానికి. గీత పూర్తిగా కలవదు, పూర్తిగా విడిపోదు కూడా.

ఐలమ్మ మల్లంపల్లి మక్తాదారు దగ్గర భూమి కౌలుకు తీసుకుని అందులో నాలుగెకరాలు సాగు చేసింది. వెట్టి చేయాల్సిన చాకలి మనిషి సొంతంగా పంట తీయడం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి గిట్టలేదు. ఆయన చేతి కింద నలభై వేల ఎకరాలుండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. నలభై వేల ఎకరాల మనిషి నాలుగెకరాల కోసం ఎందుకంత పంతం పట్టాడు? ఆ నాలుగెకరాలు అతనికి దక్కకపోతే మిగతావన్నీ కదులుతాయి. ఐలమ్మ మీద కేసులు వేయించారు, ఇంటి మగవాళ్లను జైల్లో పెట్టించారు. పంట కోతకు వచ్చాక గూండాలను పొలం మీదికి పంపారు. అప్పుడు ఆంధ్రమహాసభ, ఊళ్లో జనం పిలుచుకున్న సంఘం, కర్రలు పట్టుకుని ఆమె వెంట నిలబడింది. భీమిరెడ్డి నరసింహారెడ్డి లాంటి నాయకులు దగ్గరుండి పంట కోయించి ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్పించారు. కోర్టులోనూ గెలుపు ఆమెదే అయింది. దానికి బదులుగా దొర మనుషులు ఆమె ఇంటిని కూల్చి కాల్చారు, ఉన్నది దోచుకున్నారు, కూతురిపై అత్యాచారం చేశారు. 1946 జూలై 4న కడవెండిలో సంఘం కార్యకర్త దొడ్డి కొమరయ్య దొర గూండాల తుపాకీ గుండుకు బలయ్యే నాటికి పాలకుర్తి తన పోరాటం తను చేసి చూపించింది.

రెండు ఇళ్లను పక్కపక్కన పెడితే మొట్టమొదట తేలేది ఇదే. టబ్‌మన్ స్వేచ్ఛ వెళ్లిపోవడంలో ఉంది. యజమాని భూమిని, తల్లి గుడిసెను, పుట్టిన చిత్తడి నేలను వదలకుండా ఆమె మనిషి కాలేదు. అందుకే ఆమె ఇల్లు పుట్టినూరికి వందల మైళ్ల అవతల, ప్రయాణం చివర ఉంది. ఐలమ్మకు వెళ్లడానికి ఉత్తరం లేదు, కెనడా లేదు. ఊరు విడిచి పారిపోయిన వెట్టి మనిషికి మిగిలేది పట్నంలో హమాలీ పనో, ఇంకో దొర జీతమో. భూమి వదిలితే ఓటమే. కాబట్టి ఆమె కదలకపోవడమే తిరుగుబాటు. టబ్‌మన్ ఇల్లు యుద్ధం దాటి వచ్చాక దొరికిన చోటు అయితే ఐలమ్మ ఇల్లు యుద్ధం జరిగిన చోటు. పొలమే యుద్ధభూమి, గరిసె నిండిందా లేదా అన్నదే గెలుపోటముల లెక్క.

ఒక దేశంలో విముక్తి కథ దారుల గురించి ఉంటుంది. రాత్రి నడకలు, నది దాటడాలు, దాచిపెట్టిన నేలమాళిగలు, ఉత్తర దిక్కున చుక్క. మన దగ్గర అది హద్దురాళ్ల గురించి, కల్లాల గురించి, పట్వారీ రాసే లెక్కల గురించి. మనవాళ్లు టబ్‌మన్ కథ విన్నప్పుడు రక్తం వేడెక్కుతుంది, ఐలమ్మ కథ విన్నప్పుడు కౌలు, మక్తా, పహాణీ అనే మాటల దగ్గర మనసు చల్లబడుతుంది. అలా చల్లబడకూడదు. రాత్రిపూట అడవి దాటించడానికి ఎంత ధైర్యం కావాలో, పగటిపూట తన పొలం గట్టు మీద నిలబడి ఈ పంట నాదే అనడానికీ అంతే ధైర్యం కావాలి.

ఇళ్లు పోయిన తీరు కూడా వేరు. ఆబర్న్‌లోని చెక్క ఇల్లు 1880 ప్రాంతంలో ప్రమాదవశాత్తూ అగ్నికి ఆహుతైంది. దాని చోట ఇటుకల ఇల్లు కట్టుకున్నారు. టబ్‌మన్ రెండో భర్త నెల్సన్ డేవిస్‌కు ఇటుకలు చేయడం వచ్చు. ఇవాళ చూసేవాళ్లకు కనిపించేది ఆ ఇటుకల ఇల్లే. ఐలమ్మ ఇంటికి మంట అనుకోకుండా అంటుకోలేదు. చేతులు పెట్టాయి, కర్రలు కూల్చాయి. దానికి బదులుగా సంఘం వాళ్లు పాలకుర్తి పట్వారీ ఇంటిని పడగొట్టి ఆ చోట మొక్కజొన్న వేశారని చెప్పుకుంటారు. ఆ కథను ప్రతీకారంగా మాత్రమే చదవడం తక్కువ చదవడమే. కాగితాలతో భూములు మింగిన ఇంటి స్థలంలో తిండిగింజ మొలిపించడంలో ఒక తీర్పు ఉంది, రైతు మాత్రమే ఇవ్వగల తీర్పు.

ఆ ఇళ్లలో ఎవరు తిన్నారన్నది ఇంకా పెద్ద ప్రశ్న. టబ్‌మన్ అంతర్యుద్ధంలో యూనియన్ సైన్యానికి నర్సుగా, గూఢచారిగా పనిచేసింది. 1863 జూన్‌లో కొంబాహీ నది మీద జరిగిన దాడికి దారి చూపి ఒక్క రాత్రిలో ఏడు వందల మందికి పైగా బానిసలను విడిపించింది. అంత చేసినా సైన్యం సరైన జీతం ఇవ్వలేదు, పింఛన్ కోసం ముప్పై ఏళ్లకు పైగా తిప్పింది. 1899లో నెలకు 20 డాలర్లు ఒప్పుకుంది, అందులోనూ కొంత చనిపోయిన భర్త సైనికసేవ పేరు మీదే. ఆ డబ్బు మీద, తోటలో పండించిన కూరగాయల మీద, పెంచిన పందుల మీద ఆధారపడి ఆమె ఇంటికొచ్చిన అనాథలకు, ముసలివాళ్లకు, గుడ్డివాళ్లకు అన్నం పెట్టింది. 1896లో పక్కనున్న 25 ఎకరాలు వేలంలో పాడింది. దిక్కులేని నల్ల వృద్ధుల కోసం ఒక ఆశ్రమం కట్టాలన్నది కోరిక. చేతిలో డబ్బులేక 1903లో ఆ స్థలాన్ని ఏఎంఈ జయన్ చర్చికి రాసిచ్చింది. 1908లో ఆశ్రమం తెరిచారు. లోపలికి రావాలంటే వంద డాలర్లు కట్టాలని చర్చి నిబంధన పెట్టినప్పుడు ఆమె బాధపడింది, బయటికే చెప్పింది. డబ్బులేనివాళ్లు ఉచితంగా ఉండాలన్నదే ఆమె పట్టు. 1911లో ఆమే ఆ ఆశ్రమంలో చేరి, 1913 మార్చి 10న కన్నుమూసింది.

ఆ వంద డాలర్ల నిబంధన దగ్గర కాస్త ఆగాలి. సంస్థకు చేయి చాచినప్పుడు మనిషి ఆశయం ఎక్కడ అరుగుతుందో అది చెబుతుంది. కానీ ఒక విషయం ఒప్పుకోక తప్పదు. ఆ చర్చి ఆ స్థలాన్ని వదల్లేదు. పాడుబడిన ఆశ్రమాన్ని 1950లలో మళ్లీ నిలబెట్టింది. 1974లో ఆ చోటు జాతీయ చారిత్రక చిహ్నమైంది. అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక ఉద్యానంగా గుర్తించింది 2017లో, ఆమె పోయిన నూట నాలుగేళ్లకు. ఆ శతాబ్దంలో ఆశ్రమం గుర్తును కాపాడింది ప్రభుత్వం కాదు, ఆమె కూర్చుని ప్రార్థన చేసుకున్న నల్లవాళ్ల చర్చే.

ఐలమ్మ వెనుక నిలిచింది చర్చి కాదు, సంఘం. ఆ సంఘం తెలంగాణకు ఎంత చేసిందో ఆలేరు వాళ్లకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1944లో భువనగిరిలో జరిగిన పదకొండో ఆంధ్రమహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. అక్కడే మితవాదులు విడిపోయి, సభ్యత్వ రుసుము ఒక అణాకు తగ్గి, సంఘం ఊరి మనిషి చేతికి వచ్చింది. ఐలమ్మ లాంటివాళ్లు సంఘంలోకి రావడానికి తలుపు తెరిచింది ఆ సభే. 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధపోరాటం విరమించాక సంఘం మనుషులు జైళ్ల నుంచి శాసనసభలకు వెళ్లారు. ఇల్లు, పొలం, గరిసె అనే గుర్తులను చూసుకునే చర్చి లాంటి సంస్థ ఒకటి మన దగ్గర మిగల్లేదు. మన జ్ఞాపకమంతా పాటలోకి, స్తూపంలోకి, ఎర్రజెండాలోకి వెళ్లింది. పాట పాడేవాళ్లు తగ్గిన కొద్దీ జ్ఞాపకం పలచబడింది.

వాళ్ల మాటలు కాగితం మీదికి ఎక్కిన తీరులోనూ ఒక పాఠం ఉంది. టబ్‌మన్ జీవితాన్ని సారా బ్రాడ్‌ఫోర్డ్ 1869లో పుస్తకంగా వేసింది. ఆ పుస్తకం వల్ల ఆమెకు సుమారు 1200 డాలర్లు వచ్చాయి. అప్పుల్లో ఉన్న ఇల్లు చేజారకుండా నిలబడటానికి ఆ డబ్బు ఆసరా అయింది. కానీ ఆ రచయిత్రి లెక్కలు పెంచేసింది. ప్రయాణాలు 19, విడిపించినవాళ్లు 300 అని రాసింది. ఆ అంకెలే బడి పుస్తకాల్లోకి పాకాయి. తర్వాతి చరిత్రకారులు పత్రాలు వెతికి 13 ప్రయాణాలు, 70 మంది అని సరిచేశారు. సరిచేశాక ఆమె చిన్నదైందా? ఆ 70 మంది పేర్లు, ఊళ్లు, ఏ రాత్రి బయలుదేరారో తెలిసినప్పుడు ఆమె ఇంకా పెద్దదైంది. ఐలమ్మ మాటలను నోటి నుంచి నేరుగా తీసుకున్నది స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం. ఆమె 1985 సెప్టెంబర్ 10న చనిపోయింది. మరుసటేడు ‘మనకు తెలియని మన చరిత్ర’ పుస్తకం వచ్చింది, అందులో ఆమె గొంతు ఉంది. ఈ విషయంలో మన వాళ్లదే పైచేయి అని నిస్సంకోచంగా చెప్తాను. బ్రాడ్‌ఫోర్డ్ వినిపించినదాంట్లో బ్రాడ్‌ఫోర్డే ఎక్కువ. మన పుస్తకంలో మాట్లాడేది పోరాడిన మనిషే.

అయితే ఆ పుస్తకం తర్వాత మనం ఏం చేశాం? విగ్రహాలు పెట్టాం. చేతిలో కర్ర, నడుముకు కొంగు, కోపంగా చూసే కళ్లు. తెలంగాణ ఊళ్లలో, పట్నాల్లో ఐలమ్మ విగ్రహాలు చాలా ఉన్నాయి. 2024లో కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు కొలువున్న భవనం ఆ ప్రాంగణంలోనే ఉంది. నిజాంను ఆడించిన దొరల మేడకు నిజాం రాజ్యంలో వెట్టి చేసిన ఆడమనిషి పేరు రావడం చరిత్రకు న్యాయమే. నేను సంతోషించాను. కానీ విగ్రహం మనిషిని ఒంటరిని చేస్తుంది. కర్ర పట్టుకున్న ఒక్క ఆడమనిషి కనబడుతుంది, ఆమె వెనుక ధాన్యపు బస్తాలు మోసిన చేతులు కనబడవు. పొలం కనబడదు. ఆ కర్ర ఎందుకు పట్టిందో పిల్లలకు తెలియదు. విగ్రహం ఉన్న కూడలిలో ఐలమ్మ ఉండదు. ఆబర్న్‌లో మాత్రం టబ్‌మన్ ఇల్లు ఉంది, ఆశ్రమం ఉంది, ఎవరు ఏం తిన్నారన్న లెక్క ఉంది.

ఇల్లే మిగలనప్పుడు ఏం చేయాలి అంటారా? మేరీలాండ్‌లో అదే జరిగింది. టబ్‌మన్ తండ్రి బెన్ రాస్ ఉన్న గుడిసె ఎప్పుడో మాయమైంది. ఆయనకు యజమాని వీలునామాలో పదెకరాలు వచ్చాయని పాత పత్రాల్లో ఉంది. పురావస్తు శాస్త్రవేత్తలు ఆ కాగితం పట్టుకుని చిత్తడి నేలలో తవ్వారు. ఇటుకలు, మేకులు, పగిలిన పింగాణీ ముక్కలు, 1808 నాటి నాణెం దొరికాయి. ఆ గుడిసె చోటు దొరికిందని 2021లో ప్రకటించారు. కూతురు తన తండ్రితో కలిసి దుంగలు కోసి, అడవిలో దారులు నేర్చిన నేల అదే. ఆ దారులే తర్వాత ఆమెకు చీకట్లో పనికొచ్చాయి. ఒక వీలునామాలోని రెండు వరుసలు ఇంత చెప్పగలిగాయి.

మన దగ్గర కాగితాలు తక్కువా? హైదరాబాద్ రాజ్యం కాగితాల రాజ్యం. 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల జాబితాలు తయారయ్యాయి. 1954–55లో ఖాస్రా పహాణీ రాశారు. ఏ సర్వే నంబర్లో అప్పుడు ఎవరు పట్టాదారు, ఎవరు కాస్తు చేశారు అన్నదానికి ఇప్పటికీ ఆ పహాణీ ఒక ఆధారం. ఆ కౌలుదారీ చట్టం రాకముందే పాలకుర్తిలో ఒక చాకలి కౌలుదారు తన పంటను కాపాడుకుంది. ఆ సర్వే నంబర్లు ఊరి చరిత్రలో గుర్తుగా నిలవాలి.

ఆలేరు సంగతికి వచ్చే ముందు ఒక మాట. ఆబర్న్‌లో టబ్‌మన్ ఇంటితో పాటు సీవార్డ్ ఇంటినీ మ్యూజియంగా కాపాడుతున్నారు. సాయం చేసినవాడి ఇల్లు, సాయం అందుకుని పదిమందికి పంచినామె ఇల్లు ఒకే ఊళ్లో ఉండటం వల్ల చూసేవాళ్లకు కథ పూర్తిగా అర్థమవుతుంది. ఇక ఆలేరు పక్కనున్న మన కొలనుపాక ఆరుట్ల రామచంద్రారెడ్డి ఊరు. మంతపురిలో పుట్టిన కమలాదేవి పెళ్లి చేసుకుని ఆయన పక్కన నిలబడి, తుపాకీ పట్టి దళాల్లో పనిచేసి, 1952, 1957, 1962లలో మూడుసార్లు ఆలేరు నుంచి శాసనసభకు గెలిచింది. భూములున్న ఇంటి నుంచి బయటికొచ్చి భూమి లేనివాళ్ల పక్షం చేరడం తక్కువ తెగువ కాదు. జైన మందిరం చూడటానికి కొలనుపాక వచ్చే వందలమందిలో ఆరుట్ల దంపతుల పేరు ఎందరికి తెలుసు? దొర ఇళ్లు గడులుగా నిలబడే ఉన్నాయి, పాడుబడ్డా వాటి గోడలు ఇంకా ఊరిమీదికి చూస్తున్నాయి. వాటి పక్కన వెట్టి మనుషుల ఇళ్లూ, వాళ్లకు అండగా నిలిచినవాళ్ల ఇళ్లూ గుర్తుగా నిలవకపోతే పిల్లలు గడులను అందమైన పాత కట్టడాలుగానే చూస్తారు.

కాబట్టి ప్రభుత్వాన్ని ఇంకో విగ్రహం అడగొద్దు. పాలకుర్తి ఖాస్రా పహాణీలోని ఆ నాలుగెకరాల సర్వే నంబర్లను బయటపెట్టి, గట్టు మీద ఒక రాయి నాటమని అడుగుదాం. అక్కడ ఎవరు దున్నారో, ఎవరు కోయించారో, ఎవరి ఇల్లు ఎందుకు కాల్చారో తెలుగులో రాసిన పలక పెట్టమందాం. కొలనుపాకలో ఆరుట్ల వాళ్ల కథ చెప్పే ఒక గది కావాలి. ఆలేరు, జనగామ, దేవరుప్పుల చుట్టుపక్కల ఊళ్లలో వెట్టి చూసిన పెద్దలు ఇంకా ఇళ్లలో ఉన్నారు. అన్నలారా, అక్కలారా, ఈ వారంలోనే వాళ్ల పక్కన కూర్చోండి. ఏ దొరకు ఏ పని చేశారు, ఎవరి పొలం పోయింది, సంఘం వాళ్లకు ఎవరి ఇంట్లో అన్నం దొరికింది, అడగండి, ఊరి పేరుతో, ఇంటి పేరుతో రాసుకోండి.